ఎండలు ముదరకముందు పెరటి పనులు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. హోలీ దాటింది. వేపచెట్టు పండుటాకు రాల్చి ఎర్రని చిగురు తొడుగుతున్నది. ఈ రోజుల్లో అందరి కన్నూ యాసంగి వరిమీదనే ఉంటుంది. పెరడువైపు చూసేవారు తక్కువ. కాని గడ్డపోతారం, ఖాజీపల్లి, బొల్లారం వైపు సంగతి వేరు. ఇక్కడ ఎన్నో కుటుంబాల సేద్యపు భూమి కార్ఖానాల కిందికో, ప్లాట్ల కిందికో పోయింది. వారికి ఇంటి వెనుక ఉన్న నాలుగు మూరల జాగానే మిగిలిన పొలం. ఇంటిల్లిపాదికీ కూర, పిల్లలకు జామకాయ, ముసలివాళ్లకు నీడ, అన్నీ అందులోంచే రావలె. అందుచేత ఇవాళ మన ముచ్చట పెరడు గురించి.

ఉగాదికి కొంచెం ముందునుంచి మృగశిర కార్తె దాకా పెరట్లో ఏ పని ఎప్పుడు చేయవలెనో చెప్పుకుందాం. అయితే ముందుగా ఒక మాట. ఇతర ఊళ్లలో ఎండాకాలపు పెరటి పని పారతోనూ గడ్డపారతోనూ మొదలవుతుంది. మన వైపు మాత్రం అది నీటితో మొదలు కావలె. ఏ నీరు పోస్తున్నామో తెలుసుకోవడం మొదటి పని. ఆ నీటిని పొదుపుగా వాడుకోవడం రెండవ పని. తక్కినవన్నీ వీటి వెనుకనే వస్తాయి.

ఇలా ఎందుకు చెప్పవలసి వస్తున్నదో ఈ ప్రాంతం వారికి కొత్తగా వివరించనక్కరలేదు. 1970 తరువాత పటాన్‌చెరు చుట్టుపక్కల పరిశ్రమలు వచ్చాయి, మందుల కార్ఖానాలు పెరిగాయి. శుద్ధిచేయని నీరు వాగుల్లోకి, చెరువుల్లోకి చేరింది. నక్కవాగు ఆ నీటిని మంజీరవైపు మోసుకుపోయింది. ఈ కాలుష్యంమీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు మట్టిని పరీక్షించి, అందులో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలు ఎక్కువగా ఉన్నట్లు 2001లో ప్రచురించారు. ఈ ప్రాంతపు చెరువుల్లోనూ, కొన్ని గ్రామాల బావుల్లోనూ మందుల అవశేషాలు ఉన్నట్లు 2009లో మరొక పరిశోధన వెలువడింది.

దీని అర్థం ప్రతి బోరూ చెడిపోయిందని కాదు. భూమిలోపల నీరు రాతి పగుళ్ల వెంట నడుస్తుంది. ఒక ఇంటి బోరు మంచిదై ఉండవచ్చు, నూరు గజాల అవతల బోరు పనికిరానిదై ఉండవచ్చు. కనుక ఊరందరికీ ఒకే తీర్పు చెప్పడానికి వీలు లేదు. ఎవరి నీటిని వారు చూపించుకోవలసిందే.

“మా బోరు నీళ్లు పోస్తే బెండ నిగనిగలాడుతున్నది, ఇంక పరీక్ష ఎందుకు?” అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా వినవలె. నీటిలో ఉప్పు ఎక్కువైతే మొక్క మనకు చెబుతుంది. ఆకు అంచులు మాడిపోతాయి, మొదలు చుట్టూ మట్టిమీద తెల్లని పొర పేరుకుంటుంది. కాని సీసం, కాడ్మియం వంటి లోహాలు కొద్దికొద్దిగా ఉంటే మొక్క ఏమీ చెప్పదు. వాటిని లోపలికి పీల్చుకుని పచ్చగానే ఉంటుంది. పాలకూర సంగతే చూడండి. ఉప్పు నీటిని ఇతర కూరలకంటె బాగానే ఓర్చుకుంటుంది, లోహాలనూ ఆకులో ఎక్కువగా దాచుకుంటుంది. మొక్క పచ్చదనం నీటి మంచితనానికి సాక్ష్యం కాదు. ఇది గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్లే.

మరి నీటిని పరీక్షకు ఎలా తీయాలి? మోటారు వేసి పది నిమిషాలు నీరు పోనివ్వండి. తాగునీటి సీసా ఒకటి తీసుకుని, దాన్ని అదే నీటితో మూడుసార్లు కడిగి, అంచు దాకా నింపి మూత బిగించండి. పేరు, తేదీ, బోరు లోతు రాసి అంటించండి. ఆ రోజే, లేదా మరునాడు పొద్దున్నే ప్రయోగశాలకు చేర్చండి. మండల వ్యవసాయాధికారిని గాని, రైతు వేదికలో విస్తరణాధికారిని గాని అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. ఒక్క విషయం మరువరాదు. మామూలు సేద్యపు నీటి పరీక్షలో ఉప్పులు, క్షారగుణం మాత్రమే చూస్తారు. లోహాలు, రసాయనాలు చూడమని మనం విడిగా అడగవలె. ఆ పరీక్షలకు వేరే సీసా కావలసి వస్తుంది కనుక ఎందులో తేవాలో ప్రయోగశాల వారినే ముందుగా అడిగి తెలుసుకోండి.

కాగితం చేతికి వచ్చిన తరువాత అందులో ఇ.సి. అనే అంకె చూడండి. అది నీటిలోని ఉప్పులను తెలిపే కొలత. 0.7 లోపు ఉంటే ఏ కూరకైనా పోయవచ్చు. 0.7కూ 3కూ మధ్య ఉంటే జాగ్రత్తగా వాడుకోవలె. చిక్కుడు జాతికి, నిమ్మకు ఆ నీరు సరిపడదు. అటువంటి నీటిని రోజూ కొంచెం కొంచెం చిలకరించే కంటె, నాలుగు రోజులకొకసారి వేరు తడిసేటట్లు నిండుగా పోయడం మేలు. ఆకులమీద పడనీయరాదు. 3 దాటితే కూరగాయల ఆశ వదులుకోవలసిందే. ఇక లోహాలో రసాయనాలో హద్దు మీరి ఉన్నట్లు తేలితే ఆ నీరు పెరటికి వద్దు, పశువుకూ వద్దు. కాచినందువల్ల లాభం లేదు. కాచితే క్రిములు చస్తాయి గాని ఉప్పులు, లోహాలు పోవు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కనవుతాయి.

ఫలితం వచ్చేదాకా పెరడు ఎండబెట్టుకోవాలా అంటే, అక్కరలేదు. అనుమానపు నీటిని నీడచెట్లకు, బంతి, కనకాంబరం వంటి పూలమొక్కలకు పోయండి. ఆకుకూరలను మాత్రం నల్లా నీటితోనే పెంచండి. నల్లా నీరు తాగడానికి వచ్చే నీరు, దాన్ని పెరట్లో పారబెట్టడం తప్పు. కాని ఇంటికి సరిపడా ఆకుకూరకు రోజుకు రెండు బిందెలు చాలు. కూరగాయలు కడిగిన నీరు, బియ్యం కడిగిన నీరు కూడా ఇక్కడికే చేర్చండి. తోటకూర, మెంతి, పుంటికూర, పుదీన అన్నీ జానెడు లోతు మట్టి ఉన్న తొట్టెల్లో వస్తాయి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపితే సరిపోతుంది. కొత్తిమీర ఎండకు త్వరగా పూతకు వస్తుంది కనుక దాన్ని నీడపట్టున పెట్టండి.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన మూడు జాగ్రత్తలు చెప్పవలసి ఉన్నది.

మొదటిది చెరువు మట్టి. ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు పూడికమట్టి తోలుకోవడం మన పెద్దలనాటి మంచి పద్ధతి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఎన్నో ఊళ్లలో రైతులు ఈ మట్టిని బండ్లకొద్దీ తోలుకుని లాభపడ్డారు. కాని కార్ఖానా నీరు చేరిన చెరువు సంగతి వేరు. నీటిలో వచ్చినవన్నీ అడుగున ఒండ్రులోనే పేరుకుంటాయి. చెరువులోకి ఇప్పుడు మంచినీరే వస్తున్నా పాత ఒండ్రు పాతదే. అటువంటి మట్టిని పరీక్ష చేయించకుండా పెరట్లో పోయరాదు. ఒకసారి పోసిన మట్టిని మళ్లీ ఎత్తి పారేయడం ఎవరి తరమూ కాదు.

రెండవది డ్రమ్ములు. కార్ఖానాల నుంచి బయటికి వచ్చే నీలి రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు అగ్గువకు దొరుకుతాయి. కడిగి నీరు పట్టుకుంటారు, సగానికి కోసి తొట్టెలు చేసుకుంటారు. లోపల ఏ రసాయనం ఉండెనో మనకు తెలియదు. ప్లాస్టిక్కు దాన్ని పీల్చుకుని నెలల తరబడి నీటిలోకి వదులుతూ ఉంటుంది. వాసన పోయినంత మాత్రాన విషం పోయినట్లు కాదు. నీటికి సిమెంటు గోలెమో, మట్టి బానో, కొత్త డ్రమ్మో వాడండి. రసాయనాల సంచుల్లో మొక్కలు పెట్టడం కూడా ఇటువంటిదే.

మూడవది ఊరికే వచ్చే ఎరువు. కార్ఖానా బురద, బూడిద ఎవరైనా తెచ్చి “ఇది మంచి ఎరువు, పైసలు వద్దు” అని పోస్తామంటే వద్దని చెప్పండి. ఏముందో తెలియని వస్తువు పెరట్లోకి రానీయరాదు.

నీటి సంగతి తేలిన తరువాత దాన్ని పొదుపు చేసే పని పట్టుకుందాం. ఫాల్గుణం పోకముందే చెట్ల పాదులు సరిచేయండి. చాలామంది చెట్టు మొదలునానుకుని గుంత తీసి అందులో నీరు పోస్తారు. ఎదిగిన చెట్టు నీరు తాగేది మొదలు దగ్గర కాదు. కొమ్మల గొడుగు అంచు ఎక్కడ ఉంటుందో ఆ కింద పీచువేళ్లు ఉంటాయి. పాదు అక్కడికి చేరవలె. మొదలు చుట్టూ మాత్రం మట్టి కొంచెం ఎత్తుగా ఎగదోయండి, అప్పుడు కాండానికి నీరు తగిలి కుళ్లదు. నిమ్మ, బొప్పాయిలకు ఇది మరీ అవసరం.

పాదు తీసిన వెంటనే దాన్ని ఆకుతో కప్పండి. రాలిన వేపాకు, మామిడాకు, వరిగడ్డి, పల్లికాయ పొట్టు, ఏదైనా సరే. మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. కాండానికి జానెడు దూరం వదలండి, లేకపోతే చెద పడుతుంది. కప్పు ఉన్న నేల ఎండను నేరుగా తగలనీయదు. తడి నిలుస్తుంది, గడ్డి మొలవదు, వానలకు ఆ ఆకే ఎరువవుతుంది. ఈ రోజుల్లో ఉదయం వాకిళ్లు ఊడ్చి ఆకులను కుప్పవేసి అగ్గిపెట్టడం అంతటా కనిపిస్తున్నది. ఉచితంగా వచ్చిన దుప్పటిని కాల్చుకోవడం కాదా ఇది? పైగా ఆ చెత్తలో ప్లాస్టిక్కు ఉంటే పొగ ఇంట్లోకే వస్తుంది.

తీగ కూరగాయలకు కుండ పద్ధతి బాగా పనికివస్తుంది. ఐదు లీటర్లు పట్టే, రంగు వేయని మట్టికుండను మెడ దాకా నేలలో పాతండి. చుట్టూ నాలుగు గింజలు పెట్టండి. సొర, బీర, కాకర, దోస ఏదైనా కావచ్చు. కుండ నింపి మూత పెడితే నీరు గోడల గుండా ఊరి వేళ్లకే చేరుతుంది. రెండు మూడు రోజులకొకసారి నింపితే చాలు. మూత వేయడం మరువరాదు, లేకపోతే దోమలు పెరుగుతాయి.

నీరు పోసే వేళ పొద్దున్నే గాని, పొద్దు కుంకిన తరువాత గాని కావలె. ఎర్ర చెలక నేలకు కొంచెం తరచుగా, రేగడికి కొంచెం ఎడంగా పోయండి. ఎప్పుడు పోయాలో అనుమానం వస్తే నాలుగు అంగుళాల లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద కడితే ఇంకా తడి ఉన్నట్లే, పొడిపొడిగా రాలితే పోయండి. స్నానపు నీరు, బట్టలు ఉతికిన నీరు అరటికి, మెట్టతామరకు మళ్లించండి. ఆకుకూరలకు సబ్బునీరు వద్దు.

విత్తనాల మాట. బెండ, గోరుచిక్కుడు, తీగ కూరలు ఇంకా పెట్టనివారు ఈ పక్షంలోనే పెట్టండి. ఆలస్యమైతే పూత మండుటెండలో వచ్చి రాలిపోతుంది. నీటి పరీక్ష ఇంకా చేయించనివారు ఒక్క భేదం గుర్తుంచుకోండి. లోహాలు సాధారణంగా ఆకులోను, దుంపలోను ఎక్కువ చేరుతాయి, కాయలో తక్కువ. అందుచేత నేలలో పెట్టేవాటిలో కాయకూరలకు ముందు చోటివ్వండి. ముల్లంగి, పాలకూరలను పరీక్ష తరువాత చూసుకోవచ్చు. ఇది తాత్కాలికమైన జాగ్రత్తే గాని పరీక్షకు బదులు కాదు. కాయ అయినా ఆకు అయినా రెండు మూడు నీళ్లలో బాగా కడగండి. గాలిలో వచ్చే దుమ్ము కడిగితే పోతుంది.

ఎండ ముదిరితే పడమటి పక్క లేత మొక్కలకు నీడ కావలె. నాలుగు కర్రలు పాతి జొన్నచొప్పతోనో, ఈతమట్టలతోనో తడిక కట్టండి. మామిడి, జామ కాండాలకు మూడడుగుల ఎత్తు దాకా సున్నం పూస్తే బెరడు పగలదు.

ఎండాకాలపు పురుగుల్లో నల్లి ముఖ్యమైనది. బెండ, వంగ ఆకుల అడుగున సన్నని గూడు అల్లి రసం పీలుస్తుంది. ఆకు తెల్లని చుక్కలతో పాలిపోతుంది. మొదటి దశలోనే ఆకుల అడుగున మంచినీటిని వేగంగా చిమ్మితే చాలావరకు పోతుంది. తప్పకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం చల్లవచ్చు. అయితే మండే ఎండలో గంధకం చల్లరాదు. దోస, బీర వంటి తీగలమీద అసలే వద్దు, ఆకు మాడుతుంది. బెండాకు ఈనెలు పసుపుపచ్చగా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చే తెగులు, దానికి మందు లేదు. ఆ మొక్కను పీకి పూడ్చండి. పసుపురంగు పూసిన డబ్బారేకుకు ఆముదం రాసి మొక్కల ఎత్తున కట్టితే తెల్లదోమలు అంటుకుంటాయి.

పెరట్లో బర్రె, కోళ్లు ఉన్నవారికి రెండు మాటలు. పాడిబర్రె ఎండాకాలంలో రోజుకు 60 నుంచి 80 లీటర్ల నీరు తాగుతుంది. ఇంత తాగుతుంది కనుకనే దాని నీటిమీద మన నీటిమీద ఉన్నంత శ్రద్ధ కావలె. కార్ఖానాల దిగువన పారే వాగుకు తోలవద్దు. కోళ్లకు ఎండలు ముదరకముందే కొక్కెర తెగులు టీకా వేయించండి.

వైశాఖంలో పని తగ్గుతుంది గాని ఆగదు. ఖాళీగా ఉన్న మడిని తవ్వి, తడిపి, తెల్లని పల్చటి పాలిథిన్ కాగితం పరచి అంచులు మట్టితో మూయండి. నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే ఉంచితే లోపల వేడికి తెగుళ్ల శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని కంది, శనగ ఎండుతెగులుమీద పరీక్షించి 1988లో ఫలితాలు ప్రచురించారు. అయితే ఇది తెగుళ్లకు మందు, లోహాలకు కాదు. లోహాలు ఎండకు పోవు.

వానాకాలంలో నాటదలచిన చెట్లకు ఇప్పుడే గుంతలు తీయండి. మామిడికి మూడడుగుల గుంత, జామకు, నిమ్మకు రెండడుగులు, మునగకు అడుగున్నర చాలు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోయండి. గుంత ఎండకు ఎండనిచ్చి, తొలకరికి ముందు పైమట్టిలో మాగిన ఎరువు కలిపి నింపండి. పిల్లలు, కోడిపిల్లలు పడకుండా చుట్టూ ముళ్లకంప వేయడం మరువకండి. వేపపండ్లు రాలే రోజులు వచ్చేసరికి ఏరి, గుజ్జు కడిగి, గింజను నీడలో ఎండబెట్టండి. అరకిలో వేపపప్పు దంచి, పది లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి వడపోస్తే వచ్చే కషాయం పెరటి పంటకు సరిపోతుంది.

రోహిణి కార్తె పోకముందే ఇంటి కప్పు ఊడ్చి గొట్టాలు సరిచేయండి. నూరు చదరపు మీటర్ల కప్పుమీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే వెయ్యి లీటర్ల నీరు. ఈ ప్రాంతంలో మనకు దొరికే మంచినీరు ఇదే. అయితే కప్పుమీద కార్ఖానాల దుమ్ము ఉంటుంది కనుక మొదటి వాన నీటిని పారబోసి, తరువాతి వాన నుంచి పట్టుకోండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ ఊళ్లలో పెరటితోటల విత్తనాల పొట్లాలు పంచేటప్పుడు ఖాళీ సీసా కూడా ఒకటి చేతిలో పెట్టండి. వాడకు ఒక బోరు చొప్పున నీటి నమూనాలు తీసి, లోహాల పరీక్షతో సహా చేయించి, ఫలితాన్ని గ్రామ పెద్దలకు చెప్పడంతో ఊరుకోక, అందరూ చదివేటట్లు తెలుగులో రాసి రైతు వేదిక గోడమీద అంటించండి. ఒక్కొక్క ఇల్లు ఒంటరిగా పరీక్ష చేయించుకోవడం ఖర్చుతో కూడిన పని. పది ఇళ్లు కలిస్తే భారం తగ్గుతుంది, అధికారుల ముందు పెట్టడానికి కాగితమూ చేతిలో ఉంటుంది.

రైతు సోదరులారా, ఈ వారం చేయవలసినవి మూడే మూడు. బోరు నీటి సీసా పంపడం, పాదులు సరిచేసి ఆకు కప్పడం, ఇంట్లో ఉన్న పాత రసాయనపు డ్రమ్మును పక్కకు తీయడం. గుంతలు, గింజలు, గొట్టాల పని ఏప్రిల్ 13 ప్రాంతాన వచ్చే అశ్విని కార్తె నుంచి ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు. జూన్ 8 ప్రాంతాన మృగశిర వచ్చేసరికి పెరడు వానకు సిద్ధంగా ఉండవలె. నీటి పరీక్ష కాగితం కూడా అప్పటికి మీ చేతిలో ఉండవలె. దాన్ని చూసుకున్న తరువాతనే వానాకాలపు ఆకుకూరలకు మడులు కట్టండి.